ఇన్సులిన్ తగ్గించినా షుగర్ పడిపోతోంది, ఒళ్లు నల్లబడుతోంది. ఎవరికైనా ఇలా అయిందా?

గోదారిగట్టు:
మా చెల్లికి 24 ఏళ్లు. పదకొండో ఏట నుంచి టైప్ 1 షుగర్. ఈ ఆరు నెలల్లో ఇన్సులిన్ రోజుకు 42 యూనిట్ల నుంచి 26కి తగ్గించాం. అయినా తెల్లవారుజామున షుగర్ 50కి పడిపోతోంది. చుట్టాలేమో "తగ్గుతోందిగా, మంచిదే" అంటున్నారు. మనిషి మాత్రం ఏడు కిలోలు చిక్కిపోయింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఎండలోకి వెళ్లకపోయినా మొహం, వేళ్ల కణుపులు నల్లబడ్డాయి. రెండు నెలల క్రితం టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్ట్) 11కి పెరిగిందని థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. అప్పటి నుంచి నీరసం ఇంకా ఎక్కువైంది. అమ్మ రోజూ దిష్టి తీస్తోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

నెల్లూరక్క:
నేను తొమ్మిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంటైనా కాఫీ ముట్టకూడదు. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటలు ఎడం ఉండాలి. కానీ థైరాయిడ్ తగ్గితే మామూలుగా బరువు పెరుగుతారు, చలి వేస్తుంది, విరేచనం సాఫీగా అవదు. మీ చెల్లి చిక్కిపోతోందంటే ఇది ఒక్క థైరాయిడ్ సంగతిలా లేదమ్మా.

ఊరగాయ:
గోదారిగట్టు గారూ, మీ చెల్లి ఉప్పు ఎక్కువ తింటోందా? అరచేతి గీతలు, చిగుళ్లు ఒకసారి చూడండి. నాకు 2016లో అడిసన్స్ వ్యాధి, అంటే అడ్రినల్ గ్రంథులు దెబ్బతినే జబ్బు, బయటపడింది. అంతకు ముందు ఏడాదంతా గ్యాస్ మాత్రలు మింగాను. ఆవకాయ ఊట చెంచాతో తాగేదాన్ని.

కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారు చేస్తాయి. షుగర్ మరీ పడిపోకుండా కాపాడేవాటిలో అదొకటి. అది తగ్గితే కొంచెం ఇన్సులిన్ కూడా ఎక్కువైపోతుంది. ఆ గ్రంథుల నుంచే వచ్చే ఆల్డోస్టెరాన్ తగ్గితే ఉప్పు మూత్రంలో పోతుంది, బీపీ దిగిపోతుంది. క్లోమంలో ఇన్సులిన్ కణాలను పాడుచేసిన రోగనిరోధక శక్తే కొందరిలో థైరాయిడ్‌నూ అడ్రినల్‌నూ దెబ్బతీస్తుంది.

ముఖ్యమైన మాట: కార్టిసాల్ లేని ఒంట్లో థైరాయిడ్ మాత్ర పడితే, ఉన్న కాస్త కార్టిసాల్ త్వరగా ఖర్చయిపోతుంది. ముందు కార్టిసాల్ ఇచ్చి, తర్వాతే థైరాయిడ్ సంగతి చూడాలి. మీ అంతట మీరు ఏదీ మార్చకండి, రేపే ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లండి.

గోదారిగట్టు:
ఇప్పుడే చూశాను. చిగుళ్ల మీద నల్లటి మచ్చలున్నాయి. పెరుగన్నంలో రోజూ ఉప్పు కలుపుకుంటోంది, అలవాటే అనుకున్నాం.

ల్యాబ్‌లో పదేళ్లు:
ఉదయం 8 గంటలకు కార్టిసాల్ చేయిస్తారు. దాంతోపాటు సోడియం, పొటాషియం కూడా అడగండి. వాంతులు మొదలైతే రిపోర్టు కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పాలమూరు:
మా నాన్న కథ వేరు గానీ, ఇక్కడ చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చిన పొడి మూడేళ్లు వాడాడు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది. మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది, చర్మం గీసుకుంటే చాలు కమిలేది. అందులో స్టెరాయిడ్ (కార్టిసాల్ లాంటి మందు) ఉందని తెలిసి భయపడి ఒక్కరోజులో మాన్పించాం. నాలుగో రోజుకు వాంతులు, బీపీ 70. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయట. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని మాకెవరూ చెప్పలేదు. మీ ఇళ్లలో ఎవరైనా ఇలాంటి పొడి వాడుతుంటే దయచేసి అడిగి తెలుసుకోండి.

గోదారిగట్టు (పదకొండు రోజుల తర్వాత):
కార్టిసాల్ 1.8, సోడియం 126, రెండూ బాగా తక్కువే. అదే రోజు చేర్చుకుని సెలైన్, కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండో రోజు సాయంత్రం తనే లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. అమ్మ ఏడ్చేసింది. ఇప్పుడు హైడ్రోకార్టిసోన్ మాత్రలు ఉదయం, మధ్యాహ్నం. ఇన్సులిన్ మళ్లీ 36 యూనిట్లకు పెరిగింది, పెరిగినందుకు మేం సంతోషించడం ఇదే మొదటిసారి. థైరాయిడ్ మాత్ర ప్రస్తుతానికి ఆపారు, కొన్ని వారాల తర్వాత మళ్లీ టెస్ట్ చేస్తారట. జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ డోసు రెట్టింపు చేయమన్నారు. ఊరగాయ గారూ, తను వచ్చే నెల హాస్టల్‌కి వెళ్లాలి. మీరు ఏమేం దగ్గర పెట్టుకుంటారు?

ఊరగాయ:
హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సిరంజి ఎప్పుడూ బ్యాగులో ఉంటాయి. రూమ్మేట్‌కి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పించండి. "నాకు అడ్రినల్ లోపం ఉంది, స్పృహ తప్పితే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వండి" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి పర్సులో పెట్టించండి. డాక్టర్ చేత సంతకం కూడా చేయించండి.