టోక్యోలో గో ఆడాలంటే ఇక్కడే ఏం నేర్చుకుని వెళ్లాలి?

పటమట_15క్యూ:
ఆన్‌లైన్‌లో గో (నల్ల, తెల్ల రాళ్లతో ఖాళీ చోట్లు చుట్టే బోర్డు ఆట) ఆడతాను, ర్యాంకు 15 క్యూ, అంటే ఇంకా నేర్చుకునే స్థాయే. టోక్యోలో రెండు వారాలు, వీలైతే ఆ తర్వాత షాంఘైలో నాలుగు రోజులు ఆడాలని ఉంది. బెజవాడలో ఎదురుగా కూర్చుని ఆడేవాళ్లు దొరకడం లేదు. జపనీస్ రాదు. ముందుగా ఏం చూసుకోవాలి?

బ్రాడీపేట_తెల్లరాయి:
లెక్కపెట్టడం. ఆన్‌లైన్‌లో ఆ పని కంప్యూటర్ చేసిపెడుతుంది, అందుకే ఎదురాటలో మొదటి రోజే ఇరుక్కుంటారు. జపాన్ పద్ధతిలో మీరు చుట్టేసిన ఖాళీలకూ, పట్టిన రాళ్లకూ పాయింట్లు. ఆట అయ్యాక ఎవరికీ చెందని చోట్లు (దామె) నింపాలి, చచ్చిన (ఇక తప్పించుకోలేని) రాళ్లు తియ్యాలి, పట్టిన రాళ్లతో ఎదుటివారి ఖాళీలు పూడ్చాలి, మిగిలినవి పదుల లెక్కన సర్దాలి. కాబట్టి పట్టిన రాళ్లను డబ్బా మూతలోనే దాచండి. చైనాలో వాటిని తిరిగి డబ్బాలో వేసేస్తారు, అక్కడ బోర్డు మీది రాళ్లూ ఖాళీలూ కలిపే లెక్క. ఆ అలవాటుతో టోక్యోలో ఆడితే లెక్క తేలదు!

సొంత ఖాళీలో ఊరికే రాయి పెడితే జపాన్‌లో ఒక పాయింటు పోతుంది. నల్ల ముందు ఆడుతుంది కాబట్టి తెల్లకి ఇచ్చే అదనపు పాయింట్లు (కొమి) జపాన్‌లో 6.5, చైనాలో 7.5.

పటమట_15క్యూ:
మూత సంగతి తెలీదండీ. ర్యాంకు ఎంతని చెప్పాలి?

మంగళగిరి_కో:
ఆన్‌లైన్ 15 క్యూ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ర్యాంకుల్లో ఎంత తేడా ఉంటే బలం తక్కువైనవారి చేత అన్ని నల్లరాళ్లు ముందే బోర్డు మీది చుక్కల మీద పెట్టిస్తారు, తొమ్మిది దాకా. చిన్నతనమేం కాదు. సమానమైతే, ఎవరు నల్లో తేల్చే నిగిరి: పెద్దవారు గుప్పెట్లో తెల్లరాళ్లు పడతారు, అవి బేసనుకుంటే ఒక నల్లరాయి, సరనుకుంటే రెండు పెట్టండి. సరిగ్గా చెబితే నల్ల మీది, తొలి రాయి మీకు కుడివైపు పై మూలలో.

గడియారం నొక్కేది రాయి పెట్టిన చేత్తోనే. డబ్బాలో రాళ్లు గలగలలాడించకండి.

సాధనకి అట్ట మీద 19 అడ్డగీతలు, 19 నిలువు గీతలు గీయండి. గడి వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 24. ఏటవాలుగా చూస్తాం కాబట్టి పొడవు ఎక్కువ. మన పులిమేకలాగే రాయి పెట్టేది గీతలు కలిసేచోట. నల్లకి 181 చింతగింజలు, తెల్లకి 180 బొత్తాలు చాలు.

బ్రాడీపేట_తెల్లరాయి:
వీసా ముందే తీసుకోవాలి, గన్నవరం నుంచి నేరుగా విమానం లేదు. టోక్యోలో ఇచిగయా స్టేషన్ దగ్గర నిహోన్ కిఇన్ (జపాన్ గో సంఘం) ఉంది, వేళలు చూసుకుని వెళ్లండి. మామూలు ఆటశాలని గో కాయ్‌షో అంటారు. కూర్చోగానే "ఒనెగాయ్‌షిమస్" (దయచేసి ఆడదాం అన్నట్టు) అనండి. ఓటమి ఖాయమైతే చివరిదాకా లాగక్కర్లేదు, పట్టిన రాళ్లు ఒకటి రెండు బోర్డు మీద పెట్టి "మకెమాషిత" (ఓడిపోయాను) అంటే చాలు.