పులికాట్‌లో చిన్న బోటు: ట్రిమ్ పిన్నును ఒకే రంధ్రంలో వదిలేయాలా, లోడును బట్టి మార్చాలా?

తడ_బోటు:
అన్నలందరికీ నమస్తే. మాది 14 అడుగుల ఫైబర్ బోటు. 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, వెనక కూర్చుని చేత్తో తిప్పే రకం. భీమునివారిపాళెం వైపు తిరుగుతుంటాం. ఒక్కడినే వెళ్తే ముక్కు పైకి లేచి ముందున్నది కనిపించడం లేదు. నలుగురు ఎక్కి ముందు కూర్చుంటే ముక్కు దిగిపోయి అందరూ తడుస్తున్నారు. ఇంజిన్ ఏ వాలులో నిలవాలో పట్టి ఉంచే కడ్డీ ఉంది కదా, ట్రిమ్ పిన్ను, దాన్ని మా మెకానిక్ మధ్య రంధ్రంలో పెట్టి, ఇక ముట్టుకోవద్దన్నాడు. రేవులో ఒక పెద్దాయనేమో మన సరస్సులో లోతెక్కడిది, పిన్ను బయటి చివరి రంధ్రంలో పెట్టు, ఇంజిన్ కాలు (ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) పైకి ఉండి ఇసుక తగలదు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సూళ్లూరుపేట_మెకానిక్:
తమ్ముడూ, మీ మెకానిక్ చెప్పిందే సరి. ఇలాంటి చిన్న ఇంజిన్లకు మామూలుగా నొక్కితే వాలు మారే పవర్ ట్రిమ్ బటన్ ఉండదు. పిన్ను మార్చాలంటే ఇంజిన్ ఆపాలి, పైకెత్తి సపోర్ట్ లివర్ మీద నిలపాలి, పిన్ను లాగి ఇంకో రంధ్రంలో గుచ్చాలి. నీళ్ల మీద ఆ పని చేస్తూ పిన్ను జారవిడిచినవాళ్లను చూశాను. ఇంజిన్‌ను బోటుకు బిగించే బ్రాకెట్‌లో పిన్ను ఒక పక్క దూరి రెండో పక్క దూరకుండానే నడిపేసేవాళ్లూ ఉన్నారు. అది వంగిపోతుంది. నిదానంగా వల దగ్గరికి వెళ్లొచ్చే బోటుకు ఒక రంధ్రం అటూ ఇటూ అయితే తేడా ఏమీ తెలియదు.

కాలవగట్టు:
మెకానిక్ అన్నా, బరువుతో నిదానంగా పోయే బోటు విషయంలో మీరన్నది నిజమే. కానీ తమ్ముడి బోటు అలాంటిది కాదు. ఒక్కడే ఉంటే 9.9తో అది నీటి పైకి లేచి పరుగెత్తగలదు, నలుగురుంటే నీళ్లను తోసుకుంటూ పోతుంది. ఒకే బోటు రెండు రకాలుగా నడుస్తున్నప్పుడు రెంటికీ ఒకే కోణం ఎలా సరిపోతుంది?

అసలు నన్ను ఆందోళన పెట్టేది పెద్దాయన సలహా, ఎందుకంటే వినడానికి చాలా సబబుగా ఉంటుంది. బయటి రంధ్రంలో పెడితే కాలు కాస్త లేస్తుంది, నిజమే. కానీ థ్రాటిల్ తిప్పగానే ఆ కోణం ముక్కును ఎత్తి వెనక భాగాన్ని నీళ్లలో కూర్చోబెడుతుంది. క్యారియర్ మీద బియ్యం మూట వేసిన మోపెడ్‌లాగా. వెనక భాగం దిగితే ప్రొపెల్లర్ కూడా దిగుతుంది. కాలు ఎత్తి సంపాదించిన లోతు అక్కడే పోతుంది. పైగా ముక్కు అడ్డొచ్చి ముందున్న ఇసుక మేట, వల కర్ర కనిపించవు. సగటున మీటరు లోతు కూడా సరిగా లేని సరస్సులో, అదీ ఎండాకాలం ఉత్తరపు వైపు నీళ్లు ఇంకిపోయేటప్పుడు, ఇది చిన్న విషయం కాదు.

తమ్ముడూ, పిన్ను జోలికి వెళ్లేముందు బరువు సర్దు. ఇంజిన్, ట్యాంకు, నువ్వు, ముగ్గురూ వెనకే ఉంటే ఏ పిన్నూ కాపాడదు. 24 లీటర్ల ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే పెట్రోలు బరువే 18 కిలోల దాకా ఉంటుంది. గొట్టం అందినంత వరకు ట్యాంకును మధ్యకు జరుపు. నలుగురున్నప్పుడు ఇద్దరిని ముక్కు దగ్గర నుంచి నడిమి బల్ల మీదికి రమ్మను. సగం బాధ అక్కడే తీరుతుంది.

తర్వాతే పిన్ను. కాలు వెనక పలక దగ్గరికి వచ్చే రంధ్రంలో పెడితే ముక్కు దిగుతుంది, బయటి రంధ్రంలో పెడితే లేస్తుంది. ఒక్కడివే ఉన్నప్పుడు ఒక రంధ్రం లోపలికి, ముందు బరువున్నప్పుడు ఒకటి బయటికి మార్చి చూడు. ఫోన్‌లో జీపీఎస్ వేగం పెట్టుకుని, ఒకే థ్రాటిల్‌తో గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాలున ఒకసారి పో. పిడి తేలిగ్గా తిరుగుతూ వేగం పెరిగితే అదే సరైన రంధ్రం. ముక్కు ఆగకుండా లేస్తూ పడుతూ ఉన్నా, మలుపులో ఇంజిన్ ఒక్కసారిగా అరిచి తోపు తగ్గినా బయటికి ఎక్కువ పోయావన్నమాట, ప్రొపెల్లర్ గాలి పీలుస్తోంది. మరీ లోపలికి పెడితే వేగంలో ముక్కు నీటిని పట్టుకుని బోటును పక్కకు లాగేస్తుంది. అది ఇంకా ప్రమాదం. కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోయేది) చేతికి తగిలించుకోకుండా ఈ పరీక్షలు వద్దు.

రేవు_మనిషి:
మరి ఇసుక మేటలు దాటేదెలా? ఇరకం దీవికి వెళ్లే దారిలో కాలు ఎత్తకుండా కుదరదు కదా.

కాలవగట్టు:
దానికి పిన్ను కాదన్నా, షాలో డ్రైవ్ లివర్ ఉంది. చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఉంటుంది, కాలును కొంత ఎత్తి నిలుపుతుంది. ఆ స్థితిలో అతి నిదానంగానే పోవాలి. చల్లబరిచే నీళ్లు లాక్కునే కన్నాలు నీటిలోనే ఉండాలి. పక్కనుంచి చిమ్మే సన్నని ధార ఆగితే వెంటనే ఇంజిన్ ఆపెయ్యాలి. రివర్స్ వేస్తే ఆ స్థితిలో కాలు పట్టు లేకుండా పైకి లేచిపోవచ్చు. ఇంకో మాట, కొందరు కాలు ఎగరకుండా తాడుతో కట్టేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ముందుకు పోయేటప్పుడు దేనికైనా తగిలితే కాలు పైకి లేవాలనే దాన్ని అలా తయారు చేశారు. కట్టేస్తే దెబ్బంతా గేర్ల మీదా, వెనక పలక మీదా పడుతుంది.

సూళ్లూరుపేట_మెకానిక్:
తాడు విషయం నూటికి నూరు పాళ్లు నిజం. బరువు ముందు సర్దాలన్నదీ ఒప్పుకుంటా. సొంత బోటు, నడిపేవాడు ఒక్కడే అయితే మార్చుకోనీ. పది చేతులు మారే కిరాయి బోటుకు మాత్రం ఒకే రంధ్రం అనే చెప్తా.

కాలవగట్టు:
కిరాయి బోటుకైనా బరువు ఎలా సర్దాలో చెప్పే పంపాలి కదన్నా. పిన్నుకు చిన్న తాడు కట్టి బ్రాకెట్‌కు ముడేస్తే నీళ్లలో పడే భయమూ ఉండదు, ఆ పని రేవులోనే చేసుకోవచ్చు.

తడ_బోటు:
నిన్న ట్యాంకు మధ్యకు జరిపాను, ముక్కు బాగా దిగింది. కానీ మలుపులో ఇంజిన్ ఇంకా అరుస్తోంది.

సూళ్లూరుపేట_మెకానిక్:
అయితే ఇంజిన్ ఎంత ఎత్తులో బిగించి ఉందో చూడు తమ్ముడూ. ప్రొపెల్లర్ పైనుండే అడ్డపలక బోటు అడుగుకు సమానంగా గానీ, ఒక అంగుళం లోపు కిందగా గానీ ఉండాలి. నీ ఇంజిన్ కాలు పొడవెంత, 15 అంగుళాల షార్ట్ షాఫ్టా, 20 అంగుళాల లాంగా? వెనక పలక ఎత్తు కొలిచి పెట్టు. ఎత్తైన పలకకు షార్ట్ షాఫ్ట్ బిగించి ఉంటే ఏ రంధ్రంలో పెట్టినా గాలి పీలుస్తూనే ఉంటుంది.