థండర్‌బర్డ్‌లో మూడు ఖాతాలు: మెయిళ్ళన్నీ ఒకేచోట కనిపించాలి, జవాబు మాత్రం సరైన చిరునామా నుంచే వెళ్ళాలి

ప్రశ్న

నమస్కారం. నాకు మూడు ఈమెయిల్ ఖాతాలున్నాయి. ఒకటి సొంత జీమెయిల్, ఇంకొకటి ఉద్యోగానికి సంబంధించినది, మూడోది నేను కార్యదర్శిగా ఉన్న సంఘం తన డొమైన్ మీద తీసుకున్నది. ఇన్నాళ్ళూ బ్రౌజర్‌లో వేర్వేరు ట్యాబుల్లో చూస్తున్న వీటిని ఇకపై కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ద్వారా చూడాలనుకుంటున్నాను. కొత్త మెయిళ్ళన్నీ ఒకేచోట కనిపించాలి గానీ, సంఘానికి వచ్చిన మెయిల్‌కు ఉద్యోగం చిరునామా నుంచి జవాబు వెళ్ళడం ఒక్కసారి కూడా జరగకూడదు. ఇవే ఖాతాలను ఫోన్‌లోనూ చూస్తాను. సర్వర్ నుంచి మెయిళ్ళు తెచ్చుకునే పద్ధతుల్లో ఐమ్యాప్ ఎంచుకోవాలా, పాప్ ఎంచుకోవాలా? మిగతా రెండింటినీ జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకుంటే సరిపోతుందని ఒక మిత్రుడు అన్నారు. అది మంచి పద్ధతేనా?

మొదటి సమాధానం

ఫోన్‌లో కూడా చూస్తానంటున్నారు కాబట్టి మూడింటికీ ఐమ్యాప్ పెట్టండి. అందులో మెయిళ్ళు సర్వర్‌లోనే ఉంటాయి గనుక ఒకచోట చదివినది రెండోచోట కూడా చదివినట్టే కనిపిస్తుంది. పాప్ మెయిళ్ళను కంప్యూటర్‌లోకి దించుకుంటుంది; ఆ తర్వాత సర్వర్‌లో ఉంచాలా, తీసేయాలా అన్నది సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. చదివిన గుర్తులు, ఫోల్డర్ల మార్పులు మాత్రం ఫోన్‌కు చేరవు.

ఫార్వర్డ్ చేయడాన్ని నేను సమర్థించను. ఫార్వర్డ్ అయిన మెయిల్ అసలు పంపినవారి సర్వర్ నుంచి కాక మధ్యలోని సర్వర్ నుంచి వచ్చినట్టు కనబడుతుంది కాబట్టి, ఎస్‌పీఎఫ్ తనిఖీలో (ఆ డొమైన్ తరఫున పంపే అనుమతి ఆ సర్వర్‌కు ఉందా అని చూసే తనిఖీ) విఫలమై స్పామ్‌లో పడే అవకాశం ఉంది. ఉద్యోగపు మెయిళ్ళను బయటి ఖాతాకు పంపడాన్ని చాలా సంస్థలు అనుమతించవు కూడా.

మీరు కోరుకుంటున్నది ఖాతాలను కలపకుండానే దొరుకుతుంది. ఎడమవైపు ఫోల్డర్ల పట్టీలో యూనిఫైడ్ ఫోల్డర్స్ అనే వీక్షణను ఎంచుకుంటే మూడు ఇన్‌బాక్సులూ ఒకే జాబితాగా కనిపిస్తాయి. ఇది కేవలం చూపే తీరు. మెయిళ్ళు ఎవరి ఖాతాలో వాళ్ళవి అలాగే ఉంటాయి. అయితే అక్కడ ఒక మెయిల్‌ను తొలగిస్తే అది అసలు ఖాతాలో కూడా తొలగిపోతుందని గుర్తుంచుకోండి.

రెండో సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. కానీ మీ ప్రశ్నలో అసలు బరువు పంపే వైపు ఉంది. మెయిళ్ళు తెచ్చే సర్వర్ వేరు, పంపే ఎస్ఎంటీపీ సర్వర్ వేరు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ప్రతి ఖాతా పేరు మీద నొక్కి, అడుగున ఉండే ఔట్‌గోయింగ్ సర్వర్ దగ్గర ఆ ఖాతాదే ఉందో లేదో చూడండి. సంఘం చిరునామా పెట్టి జీమెయిల్ సర్వర్ ద్వారా పంపితే, ఆ డొమైన్ తరఫున పంపే అధికారం ఆ సర్వర్‌కు లేదని అందుకునే సర్వర్ అనుమానించి మెయిల్‌ను స్పామ్‌లోకి నెట్టవచ్చు, తిరస్కరించనూ వచ్చు. సాధారణంగా ఐమ్యాప్‌కు 993, పంపడానికి 465 లేదా 587 పోర్టులు (సర్వర్‌తో కలిసే ద్వారాల సంఖ్యలు) వాడతారు.

జవాబు రాసేటప్పుడు థండర్‌బర్డ్ ఆ మెయిల్ ఏ ఖాతాలో ఉందో ఆ చిరునామానే ఎంచుకుంటుంది, ఉమ్మడి ఇన్‌బాక్స్ నుంచి రాసినా సరే. కొత్తగా మెయిల్ రాసేటప్పుడే ఫ్రమ్ గడిని తప్పక చూసుకోవాలి. ఒక్కో ఖాతాకు ఒక్కో సంతకం పెట్టుకోండి. సంఘం సంతకం ఉండాల్సిన చోట ఉద్యోగం సంతకం కనిపిస్తే పంపకముందే కంటికి తగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు ఖాతాలూ పెట్టాను, ఔట్‌గోయింగ్ సర్వర్లు సరిచూశాను. రెండు సందేహాలు మిగిలాయి. జీమెయిల్‌లో వెతికితే ఒకే మెయిల్ రెండుసార్లు వస్తోంది. ఉద్యోగం ఖాతా మాత్రం పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వడం లేదు.

మూడో సమాధానం

మొదటిది జీమెయిల్ లేబుళ్ళ (మెయిళ్ళకు తగిలించే పేర్ల) వల్ల జరుగుతుంది. అక్కడ ఇన్‌బాక్స్ కూడా ఒక లేబులే కాబట్టి, ఐమ్యాప్‌లో అదే మెయిల్ ఆల్ మెయిల్ ఫోల్డర్‌లోనూ కనిపిస్తుంది. జీమెయిల్ వెబ్ సెట్టింగ్స్‌లోని లేబుల్స్ పుటలో ఆల్ మెయిల్ ఎదురుగా ఉన్న షో ఇన్ ఐమ్యాప్ గుర్తు తీసేయండి. జీమెయిల్ తన సర్వర్ ద్వారా పంపిన మెయిళ్ళను సెంట్‌లో తానే దాస్తుంది కనుక, కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో ఆ ఖాతాకు పంపిన మెయిల్ కాపీని ఉంచే ఎంపికనూ తీసేయవచ్చు.

ఇక ఉద్యోగం ఖాతా సంగతి. మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటి సేవలు ఐమ్యాప్‌కు కేవలం పాస్‌వర్డ్‌తో ప్రవేశించే పాత పద్ధతిని ఆపేశాయి. మీ సంస్థ అటువంటి సేవ వాడుతుంటే, సర్వర్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ మెథడ్‌ను ఓఆత్2కు (ఆ సేవ సొంత లాగిన్ పేజీ ద్వారా ప్రవేశించే పద్ధతికి) మార్చండి. పంపే సర్వర్‌కూ అదే పెట్టండి. అప్పుడు తెరుచుకునే కిటికీలో మామూలుగా లాగిన్ అయితే చాలు. అప్పటికీ కుదరకపోతే సంస్థవారు ఐమ్యాప్‌నే మూసి ఉంచారేమో మీ ఐటీ విభాగాన్ని అడగండి. అది వాళ్ళు తెరిస్తే తప్ప ఐమ్యాప్ ద్వారా మన వైపు నుంచి చేయగలిగింది లేదు.