అప్‌డేట్: 'నీడ' ఫోటోలు అందరికీ చూపించేశాం

ఒక పదాన్ని అంశంగా ఇచ్చి, దానికి తగ్గట్టు స్నేహితులు తీసిన ఫోటోలన్నీ ఒకచోట పెట్టాలనుకుంటున్నాను, క్లారిటీ పోకుండా ఎలా తెప్పించుకోవాలి, ఎవరి అనుమతి కావాలి అని ఇంతకుముందు అడిగాను కదా. మీ సలహాలు బాగా పనికొచ్చాయి.

మేం ఎంచుకున్న మాట 'నీడ'. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమన్నాను. ఒరిజినల్ ఫైల్ అలాగే వచ్చింది. కాకపోతే దాంతోపాటు తీసిన తేదీ, కెమెరా వివరాలు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో కూడా వచ్చేస్తాయి. కొందరు ఇంట్లోనే తీశారు మరి! అందుకే అందరికీ చూపించే ముందు లొకేషన్ తీసేశాను.

ఫోటో మీద హక్కు సాధారణంగా తీసినవాళ్లదే. నాకు పంపారంటే ఇష్టమొచ్చినట్టు వాడుకోమని కాదు. ఎక్కడ పెడతానో చెప్పి, పేరు వేయాలా వద్దా అని ముందే అడిగాను. ఒక ఫ్రెండ్ పేరు వద్దంది, సరే.

ఇక ఫోటోలు! అన్నీ చెట్ల నీడలే వస్తాయనుకున్నాను. మిట్టమధ్యాహ్నం చక్రాల కిందే ముడుచుకుపోయిన సైకిల్ నీడ ఒకరు తీస్తే, సాయంత్రం గోడ మీద బారెడు సాగిన మనిషి నీడ మరొకరిది. నాకు బాగా నచ్చింది మాత్రం మబ్బు పట్టిన రోజు తీసినది. అలాంటప్పుడు వెలుతురు అన్ని వైపుల నుంచీ పడుతుంది కాబట్టి నీడలు దాదాపు కనిపించవు. 'ఇందులో నీడేది?' అని గ్రూపులో చిన్న గొడవ. నేనైతే దాన్నే మొదట పెట్టాను.

తర్వాతి మాట ఎంచుకునే పని ఆ ఫోటో తీసినవాడికే అప్పగించాం. 'తడి' అన్నాడు.