హోమ్‌వర్క్ అంతా మెషిన్ అనువాదమే: ఫోన్లు ఆపించాలా, వాడనివ్వాలా?

జర్మన్_క్లాస్:
యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లలకు జర్మన్ చెప్తాను. పోయిన వారం, 'నిన్న ఏం చేశారు' అని ఒక పేజీ రాసుకు రమ్మంటే, సగానికి పైగా పేపర్లలో వెతికినా ఒక్క తప్పు లేదు. ఒక అమ్మాయి 'అలసిపోయినా చదివాను' అనే వాక్యాన్ని 'ఒబ్‌వోల్ ఇష్ మ్యూడె వార్' అని మొదలుపెట్టి, క్రియని ఆ ఉపవాక్యం చివర సరిగ్గా పెట్టి రాసింది. లేచి అదే వాక్యం చెప్పమ్మా అన్నాను. 'ఒబ్‌వోల్' దగ్గరే ఆగిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టబుద్ధి కాలేదు, కూర్చోమన్నాను, కానీ ఆ రోజంతా మనసు బాగాలేదు. డిపార్ట్‌మెంట్‌లో కొందరు ఏఐతో రాసినవి పట్టుకునే సాఫ్ట్‌వేర్ పెడదామంటున్నారు, కొందరు ఫోన్లే లోపలికి రానివ్వద్దంటున్నారు. మీరెవరైనా ఇది దాటి వచ్చుంటే ఏం చేశారో చెప్పండి.

భాషాబోధకుడు:
మేడమ్, ఆ పట్టుకునే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం వెళ్లకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ తన సొంత డిటెక్టర్‌నే సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు సొంతంగా రాసిన వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున సగానికి పైగా మెషిన్ రాసినవేనని చెప్పాయి. కారణం సులువే. తర్వాత ఏ మాట వస్తుందో ఊహించగలిగేలా ఉంటే అది మెషిన్ రాతని వాటి లెక్క, కొత్తగా భాష నేర్చుకునేవాళ్లు రాసేదేమో సరిగ్గా అలాగే ఉంటుంది, తెలిసిన నాలుగు మాటలు, చిన్న వాక్యాలు. చివరికి నిజాయితీగా రాసినవాళ్లే దొరికిపోతారు.

నేను చేసేది ఇదీ. క్లాసులో పదిహేను నిమిషాలు ఫోన్ లేకుండా పెన్నుతో రాయిస్తాను, ఎన్ని తప్పులున్నా సరే. దాన్ని ఫోటో తీసి మూడుల్‌లో, అంటే క్లాసు పనులు పెట్టే ఆన్‌లైన్ సైట్‌లో, పెడతారు. ఇంటికెళ్లాక అదే రాతని మెషిన్‌కిచ్చి దిద్దించుకోవచ్చు, నేనే దిద్దించుకోమంటాను. తర్వాత అది మార్చిన వాటిలో మూడు ఎంచుకుని ఎందుకు మార్చిందో, ఆ మార్పు ఒప్పో కాదో రాయాలి. మార్కులు ఆ వివరణకే. ఒకబ్బాయి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో 'డు' అన్నచోటల్లా మెషిన్ 'జీ' చేసేసింది, అంటే నువ్వు అన్నది మీరు అయిపోయింది. 'ఇది తప్పు సార్, వాడు నా ఫ్రెండ్' అని రాశాడు. ఆ ఒక్క వాక్యానికి పూర్తి మార్కులిచ్చాను. అదెలా వచ్చిందో వాడికి అర్థమైంది కాబట్టి ఇక జన్మలో మర్చిపోడు.

అయితే వివరణ కూడా మెషిన్‌తోనే రాయించుకొచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది, అంతకు మించి దారి లేదు.

మూడో_సెమిస్టర్:
నేను స్టూడెంట్‌ని. ఆ అమ్మాయి పరిస్థితి నాకు బాగా తెలుసు మేడమ్, మేం మెషిన్‌తో రాయించేది బద్ధకంతోనే కాదు, తప్పు రాస్తే అందరి ముందూ పరువు పోతుందన్న టెన్షన్‌తో కూడా. మాకు ఒక మేడమ్ వారానికోసారి ఒక నిమిషం వాయిస్ రికార్డింగ్ పంపమనేవారు, మూడుల్‌లోనే మైక్ బటన్ ఉంటుంది, వేరే యాప్ అక్కర్లేదు. మొదటిసారి తొమ్మిది సార్లు చెరిపి పంపాను. నా తప్పు నాకే వినిపించేది, చెరిపేదాన్ని, మళ్లీ చెప్పేదాన్ని. అంతకుముందు సెమిస్టర్ మొత్తం మీద తొమ్మిదిసార్లు నోరు విప్పి ఉండను. ఆవిడ కూడా జవాబు రికార్డ్ చేసే పంపేవారు, అది ఇయర్‌ఫోన్స్‌లో వింటే నాకొక్కదానికే చెప్తున్నట్టు ఉండేది.

ధ్వని_తరంగం:
పైన రికార్డింగ్ మాట వచ్చింది కాబట్టి: ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో బోర్స్‌మా, వీనింక్ చేసిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, గొంతు రికార్డింగ్‌ని బొమ్మగా చూపిస్తుంది. మీ 'మ్యూడె'నే తీసుకోండి, చాలామంది 'మూడె' అంటారు. ప్రాట్‌లో రికార్డింగ్ తెరిచి ఫార్మెంట్లు, అంటే నోటి ఆకారాన్ని బట్టి గొంతులో బలంగా పలికే స్థాయిలు, చూపించమంటే ఎర్ర చుక్కల వరసలు వస్తాయి, కింది నుంచి రెండోది చూడండి. 'ఊ' అంటే కిందికి దిగి ఉంటుంది, నాలుకని 'ఈ' అన్నప్పుడు ఉండే చోటే ఉంచి పెదాలు మాత్రం 'ఊ' అన్నట్టు గుండ్రంగా చుడితే పైకి లేస్తుంది. 'నీ ఉచ్చారణ బాగాలేదు' అనేకంటే ఆ చుక్కల్ని పైకి తెమ్మంటే చాలు, ఆటలా పట్టుకుంటారు. అందరికీ అక్కర్లేదు, చెవికి తేడా తెలియనివాళ్లకే.

జర్మన్_క్లాస్:
అందరికీ థాంక్సండీ. డిటెక్టర్ వద్దని మీటింగ్‌లో గట్టిగానే చెప్తాను. పదిహేను నిమిషాల పద్ధతి ఈ వారమే మొదలుపెడుతున్నా. ఆ అమ్మాయికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, క్లాసులో లేచి చెప్పక్కర్లేదమ్మా, ఆ ఒక్క వాక్యం రికార్డ్ చేసి ఎప్పుడు కుదిరితే అప్పుడు పంపు, నేను విని జవాబిస్తానని.