వేలికి క్లిప్ పెట్టి చూసిన కార్బన్ మోనాక్సైడ్ (సీఓ)కి 82375 బిల్లింగ్ కోడ్ వేశాను, ఆడిట్‌లో ఎర్రర్ పడింది

కొత్త_కోడర్_హైద్
అందరికీ నమస్తే. అమెరికా హాస్పిటళ్ల ఎమర్జెన్సీ విభాగం (ఈడీ) చార్టులకి బిల్లింగ్ కోడ్‌లు వేస్తున్నాను, చేరి ఆరు నెలలైంది. నిన్నటి చార్టులో పేషెంట్ తలనొప్పి, వికారంతో వచ్చాడు, నర్సు నోట్‌లో "ఎస్‌పీసీఓ 14 శాతం" అని ఉంది. కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్) కదా అని 82375 వేసేశాను. ఆడిటర్ అది తీసేసి 88740 పెట్టి క్రిటికల్ ఎర్రర్ వేశారు. రెండూ కొలిచేది ఒకటే అయినప్పుడు కోడ్ ఎందుకు మారుతుందో ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సీపీసీ_విశాఖ
తమ్ముడూ, ఆడిటర్ చేసింది కరెక్టే. కొలిచేది ఒకటే కానీ కొలిచే పద్ధతి వేరు, కోడ్ పద్ధతిని బట్టి వస్తుంది. 82375 అంటే రక్తం తీసి మెషీన్‌లో పెట్టి ఎంత ఉందో కొలవడం. 88740 అంటే సూది గుచ్చకుండా చర్మం పైనుంచి చూడటం. సీపీటీ (అమెరికా ప్రొసీజర్ కోడ్‌ల) పుస్తకంలో 88740 కిందే రాసి ఉంటుంది, బయటికి తీసిన రక్తం మీద చేస్తే 82375 వాడమని. చార్టులో "ఎస్‌పీసీఓ" అంటే వేలిది. ల్యాబ్ రిజల్ట్స్‌లో, శాంపిల్ తీసిన టైమ్‌తో సహా ఉంటే రక్తానిది. ఉత్తగా "సీఓ లెవెల్" అని మాత్రమే ఉంటే ఊహించి వేయొద్దు, డాక్టర్‌కి క్వెరీ పెట్టు. ఇంకో మాట, 88740 వివరణలోనే "రోజుకి" అని ఉంది, క్లిప్ మూడుసార్లు పెట్టినా బిల్లులో యూనిట్ ఒకటే.

నైట్‌షిఫ్ట్_అక్క
ఎస్‌పీఓ2ని (ఆక్సిజన్ శాతం), ఎస్‌పీసీఓని కలిపేసుకోవడం కూడా మా టీమ్‌లో చాలాసార్లు చూశాను. మామూలు పల్స్ ఆక్సీమీటర్ రెండు రకాల కాంతితోనే చూస్తుంది కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని కూడా ఆక్సిజన్ ఉన్నదే అనుకుని 98 చూపించేస్తుంది, మనిషి లోపల విషం ఉన్నా. ఆ మామూలు ఆక్సీమీటర్ రీడింగ్‌కి కోడ్ 94760. ఎస్‌పీసీఓ చూపించేది వేరే పరికరం, పల్స్ కో-ఆక్సీమీటర్ అంటారు, మాసిమో రాడ్-57 లాంటిది, ఎక్కువ వేవ్‌లెంగ్త్‌లు వాడుతుంది. చార్టులో 98 శాతం చూసి 88740 వేస్తే తప్పు, 14 శాతం చూసి 94760 వేసినా తప్పు. పైగా అదే రోజు అదే ప్రోవైడర్‌కి వేరే సర్వీస్ ఉంటే అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 94760కి విడిగా డబ్బులివ్వదు.

ఏఆర్_కాలర్_బెజవాడ
నేను డినయల్స్ (బీమా తిరస్కరించిన క్లెయిమ్‌లు) వైపు పనిచేస్తాను. అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం, ఏసెప్, 2017 పాలసీలో వేలి రీడింగ్ ఆధారంగా కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావాన్ని నిర్ధారించొద్దని చెప్పింది. అందుకే 88740 ఒక్కటే ఉండి డయాగ్నోసిస్ దానిమీదే నిలబడిన క్లెయిమ్ అప్పీల్ రాయాలంటే నాకు కష్టం. వేలిది, రక్తానిది రెండూ ఉన్నప్పుడు ఒక్కో ఫలితానికి టైమ్, ఆర్డర్ ఉన్నాయో లేదో ముందు చూడండి. మాస్క్‌తో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటా పావుకి లెవెల్ సగానికి పడిపోతుంది, కాబట్టి ట్రయాజ్‌లో (వచ్చిన వెంటనే చూసినప్పుడు) 22 ఉండి తర్వాత రక్తంలో 11 వస్తే అది తప్పు రీడింగ్ అనుకోనక్కర్లేదు. ఆ టైమ్‌లు లేకపోతే నేను పేయర్‌కి (బీమా వాళ్లకి) ఏం చెప్పాలి?

ఇంకోటి, హాస్పిటల్ అవుట్‌పేషెంట్‌లో మెడికేర్ 2014 నుంచి చాలా ల్యాబ్ టెస్టులకి విడిగా ఇవ్వకుండా మిగతా సర్వీసు పేమెంట్‌లోనే కలిపేస్తోంది. అలాంటి లైన్ సున్నా వస్తే డినయల్ అనుకుని వెంటపడొద్దు. అంబులెన్స్‌లో పెట్టిన క్లిప్ కూడా మెడికేర్ బేస్ రేటులోనే కలిసిపోతుంది.

డాలస్_తెలుగు
నేను కోడర్‌ని కాదు, పేషెంట్ వైపు మాట. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి మావాళ్లు గరాజ్‌లో జనరేటర్ పెట్టారు. హాస్పిటల్‌లో మొదట వేలికి క్లిప్ పెట్టి, తర్వాత రక్తం తీశారు. బిల్లులో 88740, 82375 రెండూ వచ్చేసరికి ఒకే టెస్టుకి రెండుసార్లు వేశారని మా అన్నయ్య గొడవ పెట్టుకోబోయాడు. ఇన్నాళ్లకి ఈ చర్చ చూశాకే అర్థమైంది. ఎవరూ ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పలేదు.

సీపీసీ_విశాఖ
డాలస్ గారూ, మీవాళ్లందరూ బాగున్నారనుకుంటాను. మీరు జనరేటర్ అన్నారు కాబట్టి తమ్ముడికి డయాగ్నోసిస్ కోడ్ గురించి కూడా చెప్తాను, కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావానికి టి58 వస్తుంది. చాలామంది జనరేటర్ అనగానే "ఇతర మూలం" అని టి58.8కి వెళ్తారు. కానీ టి58.0 కింద గ్యాస్ (పెట్రోల్) ఇంజిన్ పొగ అని స్పష్టంగా రాసి ఉంది, కారు పొగ ఒక్కటే కాదు. పెట్రోల్ జనరేటర్‌కి నేను అదే వేస్తాను, టి58.01ఎక్స్‌ఎ. కిరోసిన్ స్టవ్, కట్టెల పొయ్యి అయితే టి58.2. ఉద్దేశం ఏమిటో చార్టులో లేకపోతే ప్రమాదవశాత్తు అనే కోడ్ చేయాలి. డాక్టర్ "సీఓ అనుమానం" అని మాత్రమే రాస్తే అవుట్‌పేషెంట్‌లో టి58 వేయొద్దు, తలనొప్పికి ఆర్51.9, వికారానికి ఆర్11.0, అంతే. నంబర్ చూసి మనం జబ్బు నిర్ణయించకూడదు, పొగతాగేవాళ్లకి 10 దాకా ఉండొచ్చు.

కొత్త_కోడర్_హైద్
అన్నా, అక్కా, అందరికీ థ్యాంక్స్. చార్ట్ మళ్లీ తెరిచి చూశాను. ల్యాబ్ రిజల్ట్స్‌లో రక్తం శాంపిల్ అసలు లేదు, డాక్టర్ నోట్‌లో "సీఓ పాయిజనింగ్ పాజిబుల్" అని ఉంది. అంటే నేను వేసిన టి58 కూడా తప్పే, అది ఆడిటర్ కూడా చూడలేదు. ఎర్రర్ రిబట్ చేయాలనుకున్నాను, ఇప్పుడు చేయను. రేపు షిఫ్ట్ మొదట్లోనే టీమ్ లీడర్‌కి చెప్పి దాన్నీ సరిచేయిస్తాను.