సాంద్రత పాఠం: ముందు రాయీ నీళ్లా, ముందు సిమ్యులేషనా?

ప్రశ్న – ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయురాలు, చీమకుర్తి ప్రాంతం

తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం చెబుతూ గత వారం ఎదుర్కొన్న ఒక ఇబ్బందిని మీ ముందు పెడుతున్నాను.

మొదటి పీరియడ్‌లో ఫెట్ (PhET) అనే సిమ్యులేషన్లలోని, అంటే కంప్యూటర్ తెర మీద చేసే నమూనా ప్రయోగాల్లోని, సాంద్రత పాఠాన్ని తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద చేయించాను. అందులో దిమ్మెను తొట్టిలో వేయగానే నీటిమట్టం ఎంత పెరిగిందో అంకెల్లో కనిపిస్తుంది. ద్రవ్యరాశిని ఆ ఘనపరిమాణంతో భాగించి పట్టికలో చూసుకుంటే దిమ్మె ఏ పదార్థమో తేలిపోతుంది. పిల్లలు చాలా ఉత్సాహంగా చేశారు. రెండో పీరియడ్‌లో పాలిషింగ్ యూనిట్ దగ్గర పారేసిన గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి తెప్పించి, దారం కట్టి, 500 మిల్లీలీటర్ల కొలజాడీలో ముంచి అదే లెక్క చేయమన్నాను. రాయి 240 గ్రాములు తూగింది. ఒక జట్టుకు నీళ్లు 80 మిల్లీలీటర్లు పెరిగి సాంద్రత 3.0 వచ్చింది, మరో జట్టుకు 70 పెరిగి 3.4, ఇంకో జట్టుకు 90 పెరిగి 2.7 వచ్చాయి.

నన్ను బాధించింది ఈ తేడా కాదు. 3.4 వచ్చిన జట్టులోని అమ్మాయి నా కళ్లముందే ఆ అంకెను రబ్బరుతో చెరిపి, పక్క జట్టు పుస్తకంలో చూసి 3.0 వేసుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, "ప్యానెల్‌లో ఎవరు చేసినా ఒకటే వస్తుంది కదా టీచర్, మేమే తప్పు చేశాం" అంది. క్వారీలో పనిచేసే తండ్రి ఉన్న ఆ పిల్ల ఆ రాయిని పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. అయినా తన చేత్తో కొలిచిన దానికంటే తెర మీది అంకెనే నమ్మింది. రెండింటిలో దేన్ని ముందు చేయించడం మంచిదో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు 1 – అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా

మేడమ్ గారూ, నేను మూడేళ్లుగా చేతి పనినే ముందు పెడుతున్నాను. దానికంటే ముందు ఊహ ఉండాలి. ఏమవుతుందో ప్రతి పిల్లా, పిల్లాడూ రాసుకున్న తర్వాతే నీళ్లు ముట్టుకోనిస్తాను.

మాది సముద్రపు ఒడ్డు. ఒక సీసాలో సముద్రపు నీళ్లు, ఇంకో సీసాలో ఇసకపల్లి ఉప్పు మడుల్లోని చిక్కటి నీళ్లు పిల్లలే తెచ్చారు. ఉప్పునీటిలో గుడ్డు తేలుతుందని అందరూ ఎక్కడో విన్నవారే కాబట్టి, సముద్రపు నీటిలో తప్పకుండా తేలుతుందని తరగతి మొత్తం రాసింది. తాజా గుడ్డును వదిలితే నేరుగా అడుగుకు వెళ్లింది. ఆ క్షణంలో వాళ్ల ముఖాలు చూడాలి! సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పే ఉంటుంది, దాని సాంద్రత 1.025 దగ్గర ఉంటుంది. తాజా గుడ్డు సాంద్రత అంతకంటే ఎక్కువ. అదే గుడ్డు మడి నీటిలో బుడుంగున పైకి తేలి, సగానికి పైగా మునిగి నిలిచింది. తర్వాత ఒకడు ఇంట్లో చాలా రోజులుగా ఉన్న గుడ్డు తెచ్చి సముద్రపు నీటిలో వేస్తే అది తేలింది. పాతబడేకొద్దీ గుడ్డులోని నీరు పెంకు రంధ్రాల గుండా ఆవిరైపోయి లోపలి గాలి గది పెద్దదవుతుందని ఆ రోజు చెబితే ఎవరూ మరచిపోలేదు.

ఆ తర్వాతే ప్యానెల్ తెరిచాను. గుడ్డు మునగడం, తేలడం కళ్లారా చూసిన తరగతికి సిమ్యులేషన్‌లోని ద్రవాలు మార్చే మీట ఎందుకు ఉందో నేను వివరించాల్సిన అవసరం రాలేదు. పాదరసాన్ని పిల్లల చేతికి ఇవ్వలేము, అది విషం, కానీ 7.8 సాంద్రత ఉన్న ఇనుము 13.6 సాంద్రత ఉన్న పాదరసం మీద తేలడాన్ని తెర మీద చూపించవచ్చు. సిమ్యులేషన్‌కు తగిన చోటు అదని నా అభిప్రాయం.

ఇక మీ రాయి సంగతి. 500 మిల్లీలీటర్ల జాడీకి గీతలు ఐదేసి మిల్లీలీటర్లకు ఉంటాయి. 240 గ్రాముల రాయికి ఒక్క గీత పొరపాటు పడితే 3.0 కాస్తా 3.2 అవుతుంది. రాయిని వదిలినప్పుడు నీళ్లు చిందినా, రాయి పూర్తిగా మునగకపోయినా ఘనపరిమాణం తగ్గి సాంద్రత పెరుగుతుంది. రాయికి గాలి బుడగలు అంటుకుంటే ఘనపరిమాణం ఎక్కువగా కనిపించి సాంద్రత తగ్గుతుంది. అంటే 3.4 ఎందుకు వచ్చిందో ఆ అమ్మాయే కనిపెట్టగలదు. ఆ అంకెను చెరపనివ్వకండి.

జవాబు 2 – పొదిలి వైపు

అల్లూరు సార్ చెప్పిన వరుసతో ఏకీభవిస్తున్నాను. వసతి గురించి ఒక్క మాట. మా బడిలో నెట్ నిలకడగా ఉండదు కాబట్టి సిమ్యులేషన్లను ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాను, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ప్యానెల్ ఒక్కటే, పిల్లలు 46 మంది. ఒకడు మీట జరుపుతుంటే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతున్నారని గమనించి, అందరికీ పలకలు ఇచ్చాను. మార్కాపురం పలకలు మా దగ్గర ఇంకా దొరుకుతాయి. దిమ్మెను వదిలే ముందు "తేలు", "మునుగు" అని రాసి పైకెత్తాలి. ఎవరు ఏమనుకుంటున్నారో ఒక్క చూపులో తెలిసిపోతుంది, వెనక బెంచీ మౌనానికి చోటుండదు.

జవాబు 3 – ఒంగోలు

అన్ని పాఠాలకూ ఒకే వరుస పనికిరాదని మనవి. విద్యుత్ వలయాల పాఠంలో నేను సిమ్యులేషన్‌నే ముందు పెడతాను. బ్యాటరీని షార్ట్ చేస్తే ఏమవుతుందో భయం లేకుండా చూస్తారు, బల్బులు మాడిపోవు. పైగా బల్బు కరెంటును "తినేస్తుంది" అనే అపోహ, వలయమంతా ఒకే వేగంతో కదిలే ఎలక్ట్రాన్లను చూసినప్పుడు సడలుతుంది. నిజమైన తీగలో అవి కనిపించవు కదా. కంటికి కనిపించే విషయానికి చేతి పని ముందు, కనిపించని దానికి తెర ముందు అని నేను విభజించుకున్నాను. ఈ సిమ్యులేషన్లను 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన కార్ల్ వైమన్ స్వయంగా ప్రయోగశాలలో పనిచేసి 2001లో నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త అని మా పిల్లలకు చెబుతుంటాను.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆరు జట్ల అంకెలనూ బోర్డు మీద రాసి, ఏదీ తప్పని అనకుండా, 3.4 ఎలా వచ్చి ఉంటుందో చెప్పమన్నాను. ఆ అమ్మాయి మళ్లీ దారం పట్టుకుని రాయిని దించింది. రాయి మొన తడవకుండా నీటిపైనే ఉండిపోవడాన్ని తనే వంగి చూసి, "టీచర్, నీళ్లు తక్కువ పోశాం" అంది. ఈసారి నీళ్లు ఎక్కువ పోసి, రాయిని మెల్లగా దించి, కంటిని నీటిమట్టానికి సమంగా పెట్టి చదివింది. 80కీ 85కీ మధ్య వచ్చింది. ఏ అంకె వేయాలని అడిగితే రెండూ వేయమన్నాను. సోమవారం ఇదే రాయిని సన్నని 100 మిల్లీలీటర్ల జాడీలో పట్టేంత చిన్న ముక్కలుగా చేయించి మళ్లీ కొలుస్తాము. ఆ తర్వాతే ప్యానెల్ తెరుస్తాను.